కోపం సరే, కాగితం చదవడం ఎవరు నేర్పాలి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో అవినీతి మీద ప్రశ్నలు పంపమంటే చాలా ఉత్తరాలు, మెసేజ్‌లు వచ్చాయి. సగానికి పైగా వాటిలో ఒకటే మాట, "ఎవరూ ఏం చెయ్యరండీ" అని. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఏం చెయ్యాలి, ఎలా చెయ్యాలి అని అడిగినవి కొన్ని ఉన్నాయి, ఈసారి వాటినే తీసుకున్నాను.

ప్రశ్న: అవినీతి వ్యతిరేక దినం రోజు మా కాలేజీలో ర్యాలీ తీశాం, ప్రతిజ్ఞ చేశాం. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే. నిజాయితీ ఉన్న ఆఫీసర్ ఒకరొస్తే తప్ప ఏమీ మారదని మా ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: అమ్మా, ర్యాలీ తప్పేం కాదు. అసలు ఆ డిసెంబర్ 9 ఎక్కడిదంటే, 2003లో అదే రోజు మెక్సికోలోని మెరిడా నగరంలో ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందం మీద దేశాలు సంతకాలు పెట్టడం మొదలుపెట్టాయి. అందులో ఆరో ఆర్టికల్ చూడు, అవినీతిని ముందే ఆపే సంస్థలు ఉండాలి, వాటికి స్వతంత్రం ఉండాలి, మనుషులుండాలి, వాళ్ళకి ట్రైనింగ్ ఉండాలి అంటుంది. పదమూడో ఆర్టికల్ ఏమో జనం, స్వచ్ఛంద సంస్థలు ఈ పనిలో పాలు పంచుకునేలా ప్రభుత్వమే చూడాలి అంటుంది. రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు అన్నట్టు, ఫిర్యాదు చేసేవాళ్ళకి చెయ్యడం రావాలి, తీసుకునేవాళ్ళకి తీసుకోవడం రావాలి, ఏ ఒక్కటి లేకపోయినా ఇంకోటి వృథా.

మంచి ఆఫీసర్ సంగతి అడిగావు కాబట్టి హాంకాంగ్ కథ చెప్తాను. 1970ల మొదట్లో అక్కడ మామూళ్లు లేకుండా ఏ పనీ అయ్యేది కాదు, పోలీసుల్లోనే వసూళ్లు ఒక పద్ధతి ప్రకారం నడిచేవి. 1973లో పీటర్ గాడ్‌బర్ అనే బ్రిటిష్ పోలీసు ఉన్నతాధికారి దగ్గర జీతానికి ఎక్కడా పొంతన లేని ఆస్తి, దాదాపు 43 లక్షల హాంకాంగ్ డాలర్లు, బయటపడింది. లెక్క చెప్పమని గడువిస్తే ఆ గడువులోనే తన ఎయిర్‌పోర్ట్ పాస్ వాడుకుని విమానమెక్కి ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. జనం రోడ్ల మీదికొచ్చారు, గాడ్‌బర్‌ని పట్టుకోండి అని. అప్పటిదాకా అవినీతిని విచారించే విభాగం ఎక్కడుందనుకున్నావు, పోలీసు శాఖ లోపలే! కంచే చేను మేస్తుంటే కంచెనే కాపలా అడిగినట్టు. 1974 ఫిబ్రవరిలో గవర్నర్ మెక్‌లహోస్ పోలీసులతో సంబంధం లేకుండా, నేరుగా తనకే జవాబు చెప్పేలా ఒక కమిషన్ పెట్టాడు. మరుసటి ఏడాదే గాడ్‌బర్‌ని వెనక్కి రప్పించారు, నాలుగేళ్ళ జైలు పడింది.

అందరూ గాడ్‌బర్ అరెస్టు దగ్గరే కథ ఆపేస్తారు, నాకు అసలైనది ఆ తర్వాతే అనిపిస్తుంది. ఆ కమిషన్‌కి మొదటి నుంచీ మూడు విభాగాలు పెట్టారు. ఒకటి కేసులు పట్టేది. రెండోది ఆఫీసుల్లో పని జరిగే పద్ధతుల్ని చదివి, ఈ ఫైల్ ఈ టేబుల్ మీద ఎందుకు ఆగుతోంది, ఈ నిర్ణయం ఒక్కడి చేతిలోనే ఎందుకుంది అని చూసి లంచానికి సందు మూసేది. మూడోది జనంలోకి వెళ్ళి మాట్లాడేది, ఫిర్యాదు ఎలా ఇవ్వాలో నేర్పేది. 1977లో పోలీసులే తిరగబడి ఆ కమిషన్ ఆఫీసు మీద దాడి చేశారు, గవర్నర్ కొంత వెనక్కి తగ్గి పాత నేరాల్లో చాలావాటికి క్షమాభిక్ష పెట్టాల్సొచ్చింది, అయినా సంస్థ నిలబడింది. ఒక్క వీరుడి మీద నడిచేదైతే ఆ రోజే మూతపడేది. కాబట్టి మీ ఫ్రెండ్స్‌కి చెప్పు, మంచి ఆఫీసర్ వస్తే మంచిదే, ఆయన బదిలీ అయ్యాక కూడా పని ఆగకుండా ఉండే ఏర్పాటు ఉందా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

ప్రశ్న: మేం నలుగురం కలిసి ఒక చిన్న బృందంగా పనిచేస్తున్నాం. ఒక ప్రభుత్వ పనికి సంబంధించిన టెండర్ కాగితాలు సమాచార హక్కు కింద అడిగితే 800 పేజీలు ఇచ్చారు. ఏం చూడాలో తెలీక మూలన పడేశాం.
– నలుగురి తరఫున ఒకరు

జవాబు: మూలన పడేయకండి, దయచేసి. కాగితాలు తెచ్చుకోవడమే సగం పోరాటం, మీరు అది గెలిచారు. నేను చాలా ఏళ్ళు ఆడిట్ పనిలోనే ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్నకి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

మొదటి పేజీ నుంచి చదవకండి, అలా చదివితే యాభయ్యో పేజీకి అలసిపోతారు. ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని తేదీలు మాత్రం రాయండి. నోటీస్ ఎప్పుడు వచ్చింది, టెండర్ వెయ్యడానికి ఆఖరి రోజు ఏది, ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు ఇచ్చారు, పని ఎప్పుడు మొదలైంది. పెద్ద పనికి నాలుగైదు రోజుల గడువే ఇచ్చారంటే, ఆ కాగితాలు ముందే రెడీ చేసుకున్నవాడు ఎవడో ఉన్నాడేమో అని ఆలోచించాలి. పని మొదలైన తేదీ టెండర్ ఇచ్చిన తేదీ కంటే ముందుందంటే ఇంక చెప్పక్కర్లేదు.

తర్వాత అర్హతల పేజీ. ఫలానా సైజు మెషిన్ సొంతానికి ఉండాలి, ఫలానా పని ఇన్నేళ్ళలో ఇన్నిసార్లు చేసి ఉండాలి, ఇలాంటి షరతుల్లో పనికి నిజంగా అవసరమైనవి కొన్నే ఉంటాయి, మిగతావి ఎవరి కొలతకో కుట్టిన చొక్కాలాంటివి. ఆ రంగంలో పనిచేసే మనిషిని ఒకర్ని కూర్చోబెట్టి ఈ షరతు ఎందుకు అని అడగండి, పది నిమిషాల్లో చెప్పేస్తారు.

ఇప్పుడు ఓడిపోయినవాళ్ళ కాగితాలు. అందరూ గెలిచినవాడి ఫైలే చదువుతారు, కానీ రింగ్ అయ్యారా, అంటే ముందే కూడబలుక్కుని వేశారా లేదా అనేది ఓడినవాళ్ళ కాగితాల్లో తెలుస్తుంది. ఒకసారి నా ముందు మూడు కొటేషన్లు ఉన్నాయి, మూడు వేర్వేరు లెటర్‌హెడ్‌లు, మూడు రంగులు, మూడు అడ్రస్‌లు. రేట్లు కూడా వేరే. అన్నీ సక్రమంగానే ఉన్నాయని సంతకం పెట్టబోతూ ఎందుకో మళ్ళీ చూశా. గాల్వనైజ్డ్ అనే పదంలో ఒక అక్షరం ఎగిరిపోయి ఉంది, మూడిట్లోనూ అదే అక్షరం. పక్కపక్కన పెట్టి వెలుతురులో చూస్తే మూడు పేజీల కుడి అంచునా పైనుంచి కిందికి వెంట్రుకంత సన్నటి నల్ల గీత, ప్రింటర్ డ్రమ్ము మీద గాటు పడితే వస్తుంది చూశారా, అలాంటిది. ఒకే మెషిన్ మీద, ఒకే మనిషి కొట్టించిన మూడు కాగితాలన్నమాట. నేను అభ్యంతరం రాశాను. ఆ ఆఫీసు నుంచి ఏడాది దాకా జవాబు లేదు, తర్వాత "గమనించడమైనది" అని ఒక లైన్ వచ్చింది, అంతే. ఆ లైన్ ఇప్పటికీ నాకు కోపం తెప్పిస్తుంది. ఎందుకంటే నాకు కనిపెట్టడం వచ్చింది గానీ దాన్ని అందుకుని ముందుకు తీసుకెళ్ళే చెయ్యి అవతల లేదు.

ఇంకో రెండు చూడండి. ఒకే పనిని నాలుగు ముక్కలు చేసి ఒక్కో ముక్క టెండర్ పరిమితికి కొంచెం కిందుగా ఉండేలా చూసుకోవడం ఒకటి. అందరికంటే తక్కువకి వేసి పని దక్కించుకుని తర్వాత అదనపు ఐటమ్స్ పేరుతో పెంచుకుంటూ పోవడం రెండోది, దీనికి టెండర్ రేటునీ చివరి బిల్లునీ పక్కన పెట్టి చూస్తే చాలు. ఓడినవాడే మళ్ళీ సబ్ కాంట్రాక్టర్‌గా తేలాడా అనేది కూడా.

ఒక్క జాగ్రత్త. వీటిలో ఏదీ నేరానికి రుజువు కాదు, ప్రశ్న అడగడానికి కారణం మాత్రమే. ఒకే టెండర్ వచ్చిందంటే నిజంగానే ఆ పని చేసేవాళ్ళు వేరే లేకపోవచ్చు. ఫలానావాడు దొంగ అని ముందే రాసేస్తే పరువు నష్టం కేసులో మీరు ఇరుక్కుంటారు, అసలు విషయం పక్కకి పోతుంది. ఈ మూడు కాగితాల్లో ఒకే తప్పు ఎలా వచ్చింది అని రాసి, జవాబు చెప్పమని వాళ్ళకీ టైమివ్వండి, వాళ్ళేం చెప్పారో అది కూడా వేయండి.

కాగితాలు తెచ్చుకోవడమే అవసరం లేని ఏర్పాటు కూడా చేసుకున్న దేశాలున్నాయి. స్లొవాకియాలో 2011 నుంచి ప్రభుత్వ కాంట్రాక్టు ఇంటర్నెట్‌లో పెడితే గానీ అమల్లోకి రాదు. ఉక్రెయిన్‌లో 2014 ఉద్యమం తర్వాత వాలంటీర్లు, ప్రభుత్వం, వ్యాపారులు కలిసి ప్రొజోరో అనే టెండర్ల వ్యవస్థ కట్టారు, 2016లో దాన్ని తప్పనిసరి చేశారు, ఓడినవాళ్ళ కాగితాలు కూడా అందరూ చూడొచ్చు. అయితే అక్కడివాళ్ళు గొప్ప పని చేసింది ఇంకోటి. అంతా బయటపెట్టినంత మాత్రాన ఎవరు చదువుతారని, డొజోరో పేరుతో అవే టెండర్లని గమనించే పౌర సంఘాల వేదిక ఒకటి పెట్టారు. మీ నలుగురూ ఆ చదివేవాళ్ళే.

ప్రశ్న: జీతాలు పెంచితే లంచాలు ఆగుతాయా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఒక్కటే పెంచితే ఆగవు మాస్టారూ. ఘనాలో 2010లో పోలీసుల జీతాలు దాదాపు రెట్టింపు చేశారు. హైవేల మీద లారీ డ్రైవర్ల దగ్గర వసూళ్లు ఎలా మారాయో పరిశోధకులు లెక్కేస్తే, తగ్గడం మాట అటుంచి డ్రైవర్లు ఇచ్చుకునే మొత్తం పెరిగింది. బతకడానికి చాలని జీతం ఇవ్వడం అన్యాయమే, అది వేరే. కానీ పట్టుబడతాననే భయం లేనప్పుడు జీతం ఒక్కటే మనిషిని ఆపదు.

ప్రశ్న: నేను అవినీతి కేసులు విచారించే ఒక విభాగంలో పనిచేస్తున్నా. ఏటా ట్రైనింగులు, సర్టిఫికెట్లు చాలానే. కానీ పెద్ద కేసులు కోర్టులో నిలబడట్లేదు. బయటివాళ్ళు మేం అమ్ముడుపోయాం అంటున్నారు.
– పేరు వద్దన్న ఒక ఉద్యోగి

జవాబు: అమ్ముడుపోయారు అనే మాట వింటూ పనిచెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసండీ. నేను చూసినంతలో పెద్ద కేసులు పోయేది చాలాసార్లు పని రాక, మనుషులు చాలక.

చేతిలో నోట్లతో పట్టుకునే కేసు వేరు. రంగు అంటిన చేతులు, సాక్షులు, అయిపోయింది. పెద్ద డబ్బు అలా చేతులు మారదు. భార్య పేరు మీద కంపెనీ, ఆ కంపెనీకి ఎవరో ఇచ్చిన "అప్పు", ఆ అప్పు ఇచ్చినవాడికి మూడు నెలల ముందు వచ్చిన కాంట్రాక్టు, ఈ గొలుసు పట్టుకోవాలంటే బ్యాంక్ స్టేట్‌మెంట్లు, కంపెనీ లెక్కలు లైను లైనూ చదవగలిగే అకౌంటెంట్ మీ టీమ్‌లోనే కూర్చోవాలి. డబ్బు దేశం దాటిందంటే ఆ దేశానికి ఏ ఫార్మాట్‌లో, ఏ ఆధారాలతో అడగాలో తెలిసిన మనిషి కావాలి, లేకపోతే ఉత్తరం వెనక్కొస్తుంది, ఏళ్ళు గడిచిపోతాయి. ఫోన్ సీజ్ చేసినప్పుడు దాని కాపీకి హ్యాష్ విలువ, అంటే లోపల ఏ కాస్త మారినా తనూ మారిపోయే గుర్తింపు సంఖ్య, అప్పటికప్పుడు రాయలేదనుకోండి, అవతలి లాయర్ లేచి ఇందులో ఉన్నది తర్వాత మార్చలేదని గ్యారంటీ ఏంటి అంటాడు. నాలుగు సంవత్సరాల కష్టం ఆ ఒక్క ఖాళీ గడి దగ్గర ఆగిపోతుంది.

ట్రైనింగుల విషయానికొస్తే, రెండు రోజులు హాల్లో స్లైడ్లు చూపించి పంపిస్తే వచ్చేదేమీ లేదు. నడుస్తున్న ఫైల్ మీద, అనుభవం ఉన్నవాళ్ళు పక్కన కూర్చుని ఆర్నెల్లు చేయిస్తే వస్తుంది. గ్వాటెమాలాలో ఐక్యరాజ్యసమితితో ఒప్పందం మీద 2007లో పని మొదలుపెట్టిన కమిషన్ అదే చేసింది. విదేశీ నిపుణులు కేసులు తమ చేతిలోకి తీసుకోకుండా స్థానిక ప్రాసిక్యూటర్లతో కలిసి కట్టారు, ఆ పని పెరిగి పెరిగి 2015లో కస్టమ్స్ కుంభకోణంలో దేశాధ్యక్షుడు ఓటో పెరేజ్ మోలినా రాజీనామా దాకా వెళ్ళింది. 2019లో ఆ కమిషన్ గడువు పొడిగించకుండా ప్రభుత్వం పంపించేసింది, ఆ తర్వాత దానితో కలిసి పనిచేసిన ప్రాసిక్యూటర్లు చాలామంది దేశం వదిలి పోవాల్సొచ్చింది. నేర్పడం ఒక్కటే చాలదు, నేర్చుకున్నవాళ్ళని కాపాడుకోవాలి.

మీ చేతిలో ఉన్నది ఒకటి చెప్తా. పోయిన కేసుల తీర్పులు తీసుకోండి, జడ్జి ఎక్కడ ఆధారం చాలదన్నారో ఆ పేరాలు మాత్రం గుర్తుపెట్టి మీ టీమంతా చదవండి. సీజర్ రిపోర్ట్ దగ్గరా, ప్రాసిక్యూషన్ అనుమతి దగ్గరా, సాక్షి మాట మార్చిన చోటా, ఎక్కడ ఎక్కువసార్లు పోతున్నాయో తెలుస్తుంది, ఏ ట్రైనింగ్ కావాలో పైవాళ్ళని కాగితం మీద పేరు పెట్టి అడగొచ్చు. ప్రాసిక్యూటర్‌ని ఛార్జిషీట్ రోజున కాదు, కేసు మొదటి వారంలోనే కూర్చోబెట్టుకోండి.

ప్రశ్న: బహిరంగ విచారణ సభలకి వెళ్తుంటాను. లెక్కలు చదువుతారు, జనం మౌనంగా కూర్చుంటారు, టీ తాగి వెళ్ళిపోతారు. దీనివల్ల ఉపయోగం ఉందా?
– ఒక మహిళా సంఘం సభ్యురాలు

జవాబు: ఉందక్కా, కానీ ఎక్కడ ఉందో ఎక్కడ లేదో తెలుసుకుని వాడుకోవాలి. ఇండోనేషియాలో జావా ద్వీపంలో 600కి పైగా ఊళ్ళలో రోడ్లు వేస్తున్నప్పుడు బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త ఒక పరీక్ష చేశాడు. కొన్ని ఊళ్ళకి ప్రభుత్వ ఆడిట్ కచ్చితంగా వస్తుందని ముందే చెప్పారు, మామూలుగా అయితే వంద పనుల్లో నాలుగింటికే వచ్చేది. ఇంకొన్ని ఊళ్ళలో లెక్కల సభలకి జనాన్ని ఆహ్వానాలు పంచి మరీ పిలిచారు. పని అయ్యాక ఇంజనీర్లు ఆ రోడ్లలో గుంతలు తవ్వి, రాయి ఎంత మందం, కంకర ఎంత, ఇసుక ఎంత అని కొలిచి బిల్లులతో పోల్చారు. ఆడిట్ ఖాయం అన్నచోట లెక్కకి రాని ఖర్చు దాదాపు 8 శాతం పాయింట్లు తగ్గింది. జనాన్ని పిలిచినచోట మొత్తం మీద పెద్ద తేడా రాలేదు. కానీ కూలి డబ్బుల దగ్గర మాత్రం దొంగతనం తగ్గింది!

ఎందుకో ఆలోచించండి. నాకు కూలి అందిందా లేదా అనేది నాకు తెలుసు, నిలబడి అడగగలను. రోడ్డు కింద కంకర ఎంత మందం ఉందో నాకు కనపడదు. రాజస్థాన్‌లో 1994 నుంచి కూలీల సంఘం పెట్టిన జన్ సున్‌వాయీల్లో, అంటే ఇలాంటి బహిరంగ విచారణల్లోనే, మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) పైకి చదివినప్పుడు జనం లేచి నిలబడింది కూడా అందుకే, తమ పేర్లు, పనికి రాని మనుషుల పేర్లు, చనిపోయినవాళ్ళ పేర్లు చెవిన పడ్డాయి. సమాచార హక్కు చట్టం కోసం పోరాటం అక్కడి నుంచే పెరిగింది, 2005లో చట్టమైంది. తర్వాత ఉపాధి హామీలో ఆంధ్రప్రదేశ్ సోషల్ ఆడిట్‌ని, అంటే జనం ముందే లెక్కలు సరిచూడడాన్ని, ప్రభుత్వ పద్ధతిగా మార్చింది. అక్కడ పరిశోధకులు గమనించింది కూడా ఇదే, తేలిగ్గా దొరికే మోసాల నుంచి మెటీరియల్ బిల్లుల్లాంటి దొరకనివాటి వైపు అవినీతి జరిగింది.

అందుకని మీ సభలో మొత్తం బిల్లు చదివించకండి, అంకెల జాబితా చదివితే ఎవరికైనా నిద్రొస్తుంది. పేర్లు చదివించండి. కనపడనిదానికి మాత్రం సభకి ముందే ఒక ఇంజనీర్‌ని తీసుకెళ్ళి ఒక్క చోట తవ్వించి టేపు పెట్టి కొలిచి, ఆ ఫోటో సభలో చూపించండి. మౌనంగా ఉన్నవాళ్ళని తిట్టుకోకండి అక్కా, రేపు మళ్ళీ అదే ఆఫీసులో పని పడేది వాళ్ళకే. విడిగా, ముందు రోజే, ఇళ్ళకి వెళ్ళి అడిగితే చెప్తారు. తేలిన విషయం మీద ఎంత డబ్బు తిరిగి వసూలైంది అన్నది వచ్చే సభలో మొట్టమొదట చదివించండి. అది లేకపోతే ఆ తర్వాత సభకి మీ ఒక్కరే మిగులుతారు.

ప్రశ్న: స్వతంత్ర కమిషన్ పెట్టినా తర్వాత దాని గోళ్ళు కత్తిరించేస్తారు కదా?
– ఒక న్యాయవాది

జవాబు: కత్తిరిస్తారు, నిజం. ఇండోనేషియాలో 2002 చట్టంతో వచ్చిన కేపీకే అనే అవినీతి నిర్మూలన కమిషన్ మంత్రుల్ని, ఎంపీల్ని, గవర్నర్లని వరసగా జైలుకి పంపింది. 2012లో దాని కొత్త బిల్డింగ్‌కి పార్లమెంటు డబ్బు ఇవ్వకపోతే మామూలు జనం చిల్లర పోగేసి తెచ్చిచ్చారు. ఆ దృశ్యం గురించి చదివినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. 2017లో దాని సీనియర్ ఇన్వెస్టిగేటర్ నోవెల్ బస్వెదాన్ మొహం మీద యాసిడ్ పోశారు. 2019లో చట్టం మార్చి ఉద్యోగుల్ని ప్రభుత్వ సిబ్బందిలో కలిపేశారు, విద్యార్థులు వేల సంఖ్యలో వీధుల్లోకి వచ్చినా ఆగలేదు, 2021లో ఒక పరీక్ష పేరుతో బస్వెదాన్‌తో సహా యాభై మందికి పైగా బయటికి పోయారు.

పదిహేడేళ్ళు దాన్ని కాపాడింది జనం అండే సార్, చట్టం మార్చే శక్తి ఉన్నవాళ్ళ ముందు చివరికి అది కూడా చాలలేదు. మీరు న్యాయవాది కాబట్టి ఇది మీ పని. కమిషనర్ని ఎవరు ఎంపిక చేస్తారు, ఎవరు తీసెయ్యగలరు, బడ్జెట్ ఎవరి చేతిలో ఉంది, సిబ్బందిని ఎవరు నియమిస్తారు, ఈ నాలుగూ సంస్థ పుట్టినరోజే చట్టంలో గట్టిగా రాయించాలి. పెద్ద కేసు పట్టాక రాయిద్దామంటే ఎవరూ రాయనివ్వరు.

ప్రశ్న: మా ఆఫీసులో జరగని పనికి బిల్లులు పాస్ అవుతున్నాయి. నాకు తెలుసు. పిల్లలు చిన్నవాళ్ళు. చెప్పాలని ఉంది, భయంగా ఉంది.
– ఒక ఉద్యోగిని

జవాబు: మీ భయం పిరికితనం కాదమ్మా. 2002లో సత్యేంద్ర దూబే అనే యువ ఇంజనీర్ హైవే పనుల్లో అక్రమాల గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి ఉత్తరం రాసి, తన పేరు గోప్యంగా ఉంచమని అడిగాడు. ఆ పేరు గోప్యంగా ఉండలేదు. మరుసటి ఏడాది నవంబర్‌లో గయలో ఆయన్ని కాల్చి చంపారు. 2014లో ప్రజావేగుల రక్షణ చట్టం పాసైంది గానీ పాసవ్వడం వేరు, అమల్లోకి తేవడం వేరు. అందుకని ధైర్యంగా వెళ్ళి చెప్పెయ్యండి అని నేను మీకు రాయను.

ముందు ఎవరికీ చెప్పకుండా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, తేదీ, బిల్లు నంబర్, మీరు కళ్ళతో చూసింది మాత్రమే, విన్నది కాదు. దాన్ని ఆఫీసులో ఉంచకండి, ఆఫీసు కంప్యూటర్‌లో, ఆఫీసు మెయిల్‌లో అసలే వద్దు. ఒరిజినల్స్ బయటికి తేకండి, అది మీ మీదే కేసు అవుతుంది, ఏ ఫైల్‌లో ఎన్నో పేజీలో ఉందో రాసుకుంటే చాలు, విచారణకొచ్చేవాళ్ళు నేరుగా అక్కడికే వెళ్తారు. ఆ పేజీ మీరు తప్ప ఇంకెవరెవరు చూడగలరో ఆలోచించండి, మీ ఒక్కరికే తెలిసిన విషయం పేరు లేకుండా రాసినా మీ పేరు రాసినట్టే. తర్వాత ఈ కేసులు వాదించిన లాయర్‌ని ఒకరిని కలవండి, ఆఫీసుకి సంబంధం లేని మనిషిని. ఏ సంస్థకి ఇవ్వాలి, పేరుతోనా పేరు లేకుండానా అనేది ఆయనతో కూర్చుని తేల్చుకోండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉంచండి.

ఇంతవరకు చేసి, ఇంక చాలు, నేను ముందుకెళ్ళలేను అనిపిస్తే ఆగిపోండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. నోట్‌బుక్ మాత్రం చింపెయ్యకండి. ఆడిట్‌వాళ్ళు ఎప్పుడో ఒకరోజు ఆ ఫైల్ అడుగుతారు, అప్పుడు పేజీ నంబర్ తెలిసిన మనిషి ఒకరుండాలి.